తూటాలో మందు కిక్కిరిస్తే: బుల్లెట్ బయటికి రావడం, బోల్ట్ బిగుసుకోవడం

మాది అనంతపురం. పోలీసు ఆయుధాలు రిపేరు చేసి రిటైరయ్యాను. మా మేనల్లుడు టెక్సాస్‌లో జింకల వేటకి తూటాలు తనే నింపుకుంటాడు. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఇది అక్కడున్న మనవాళ్ల కోసం.

తూటా అంటే మొత్తం: ఇత్తడి గొట్టం (కేసు), అందులో పేలుడు మందు, కేసు మెడలో బిగించిన బుల్లెట్.

సమస్య: బుల్లెట్‌ని కేసులోకి నొక్కుతుంటే లోపల కరకరమంటోంది.
కేసు నిండిపోయి బుల్లెట్ అడుగు మందును నొక్కుతోందన్నమాట. ఏ తూటాకి ఏ మందు ఎంత పోయాలో చెప్పే మీ లోడింగ్ పుస్తకంలో ఆ లోడు పక్కన కంప్రెస్డ్ (మందు నొక్కుకునేది) అని ఉంటే పర్లేదు, లేకపోతే అక్కడే ఆపండి. మందు ఎక్కువ పడి ఉండొచ్చు, లేదా కేసు గోడలు మందంగా ఉండొచ్చు, అన్నిటికంటే భయపడాల్సింది వేరే డబ్బాలోని మందు పోసి ఉండటం. త్వరగా మండే మందు అలా నిండితే రైఫిలే పగిలిపోతుంది. అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉంచండి. మందు సరైనదే, తూకమూ సరైనదే అయితే పొడవాటి గొట్టంలోంచి నెమ్మదిగా పోయండి, శేరుతో చెనక్కాయలు కొలిచేటప్పుడు తడితే సర్దుకున్నట్టు సర్దుకుంటుంది. జాగా మిగిలింది కదా అని ఇంకొంచెం పోయకండి.

సమస్య: పొద్దునకి తూటా పొడవు పెరిగింది.
మావాడు వీడియో కాల్లో కాలిపర్ (పొడవు కొలిచే పనిముట్టు) చూపించి "మామా, రాత్రి 2.800 అంగుళాలు, ఇప్పుడు 2.825" అన్నాడు. అది .308 విన్‌చెస్టర్ అనే రకం రైఫిల్ తూటా, దాని గరిష్ఠ పొడవు 2.810 అంగుళాలు. నొక్కుకుపోయిన మందు స్ప్రింగులా తోస్తోంది, బుల్లెట్ మీద కేసు మెడ పట్టు చాలట్లేదు. అలాంటిది పేలిస్తే బుల్లెట్ ముందే బ్యారెల్ గాడులకి తగిలి ప్రెజర్ ఎగబాకుతుంది, పేల్చకుండా బయటికి లాగితే బుల్లెట్ అక్కడే ఇరుక్కుని మందంతా రైఫిల్లో ఒలుకుతుంది. మళ్ళీ లోపలికి నొక్కి సరిపెట్టకండి. పుల్లర్‌తో (బుల్లెట్ ఊడదీసే పనిముట్టు) విప్పేసి, మెడ సరిగ్గా సైజు చేసి, పుస్తకంలోని తక్కువ తూకంతో మొదలుపెట్టండి.

సమస్య: పేల్చాక బోల్ట్ (తూటా వెనక రైఫిల్‌ని మూసే కడ్డీ) లేవట్లేదు, ప్రైమర్ (కేసు అడుగున మందుకి నిప్పు రాజేసే చిన్న బిళ్ళ) చదునైంది, కేసు అడుగున మెరిసే మచ్చ పడింది.
ప్రైమర్ ఒక్కటే చదునైతే రుజువు కాదు. బోల్ట్ కూడా బిగుసుకుందంటే మాత్రం ప్రెజర్ హద్దు దాటినట్టే, .308కి ఆ హద్దు 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మిగిలినవి ఒక్కటీ పేల్చొద్దు. తూటాలు కారు డాష్‌బోర్డు మీద ఉన్నాయేమో కూడా చూసుకోండి, కర్నూలు మే ఎండ ఎరిగినవాళ్లకి టెక్సాస్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, వేడెక్కిన మందు ఇంకా ఎక్కువ ప్రెజర్ పుట్టిస్తుంది.

మావాడు ఆ రోజే అన్నీ విప్పి కేసుల అడుగున ముద్రలు చూశాడు. మామూలు కేసుల్లో మిలిటరీవి కలిసిపోయాయి, వాటి గోడలు మందం, లోపల జాగా తక్కువ. పొడవు పెరిగినవన్నీ అవే.