సరిహద్దు కొండల నుంచి ట్రెక్ లీడర్‌గా ఎదగడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకు, బృందాలను కొండలెక్కించే ఈ వృత్తిలో ఒక మంచి వీలుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ వస్తాయి. సంతలో కొండ భాషలైన సవరో, కువియో నాలుగు మాటలు చెవిన పడతాయి. విశాఖ నుంచి వచ్చిన బృందానికీ, కొండమీది ఊరికీ మధ్య నిలబడి మాట్లాడగలిగిన మనిషి దొరకడం కష్టం. ఆ మనిషి మీరే కావచ్చు.

మొదటి ఏడాది హిమాలయాల ఊసు వద్దు. మన వైపు కొండలతోనే మొదలుపెట్టండి: మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు, దేవ్‌మాలి 1672. దగ్గరున్న ఒక్క కొండనే పట్టుకుని ఎండలో, మంచులో, వాన వెలిసిన మర్నాడు ఎక్కండి. దారి చూసుకునే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. ఎండాకాలంలోనూ ఆరని ఊట, ఫోన్ సిగ్నల్ అందే చివరి చోటు, జీపు రాగల చివరి మలుపు, పాము విషానికి విరుగుడు మందు (యాంటీవెనమ్) ఉన్న ఆస్పత్రి. ఈ నాలుగింటినీ ముందే తెలుసుకుని రాసి పెట్టుకోవాలి. ఊరి పెద్దల మాట, అవసరమైన చోట అటవీ శాఖ అనుమతి లేకుండా ఎవరినీ తీసుకెళ్లకండి. నియమగిరిలాంటి కొండలు అక్కడివాళ్లకు దేవుడు. ఎక్కడ చెప్పులు విప్పాలో, ఎక్కడ ఆగిపోవాలో వాళ్లనే అడగాలి.

కొత్త లీడర్లు ఎక్కువగా తప్పేది సమయం లెక్కలోనే. కిలోమీటరుకు 12 నిమిషాలు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట అన్నది పాత లెక్క. 8 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాలంటే 2 గంటల 36 నిమిషాలు. అలవాటు లేనివాళ్లతో వెళ్తే దానికి సగం కలిపి నాలుగు గంటలు అనుకోండి. తర్వాత వెనుక నుంచి లెక్కించాలి. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. మూడున్నరకు కింద ఉండాలి, దిగడానికి మూడు గంటలు కావాలి అంటే, పన్నెండున్నరకు ఎక్కడున్నా వెనుదిరగాలి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే. ఆ గంట ఎంతో బయలుదేరే ముందే అందరికీ చెప్పేయండి. పైకి వెళ్లాక చెబితే ఎవరూ వినరు.

పది మందికి ముందొకరు, వెనకొకరు ఉండాలి. వెనకవాడే అనుభవస్థుడు కావాలి, ఎందుకంటే అలసినవాళ్లు, కాలు బొబ్బలెక్కినవాళ్లు తేలేది అక్కడే. మడమ మండుతోందని ఎవరైనా అనగానే ఆగి, బూటు విప్పించి, చర్మం తుడిచి ఆరబెట్టి టేపు వేయండి. బొబ్బ లేచాక వేసే టేపు సగం పని కూడా చేయదు. ప్రతి గెడ్డ (కొండవాగు) దాటాక తలలు లెక్కపెట్టండి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, వాటితో పాటు ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోవాలి. వాన బాగా కురిసిన మర్నాడు గెడ్డ దగ్గర తొందరపడొద్దు. మోకాలు దాటిన ఉరవడిలో తాడు పట్టుకుని దాటడం కన్నా అవతలికి వెళ్లకపోవడమే మేలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తెచ్చిన వానకు గజపతి జిల్లాలో కొండచరియలే విరిగిపడ్డాయి. తుపాను హెచ్చరిక ఉందంటే ట్రిప్పు రద్దు, అంతే.

ప్రథమ చికిత్స మీద డబ్బు ఖర్చు పెట్టండి. 16 గంటల చిన్న కోర్సు మొదలు మాత్రమే, లీడర్‌కు ఆస్పత్రికి దూరంగా ఉన్నచోట ప్రథమ చికిత్స నేర్పే 70, 80 గంటల వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ శిక్షణ కావాలి. పాము కరిస్తే గాటు పెట్టకూడదు, పీల్చకూడదు, తాడు బిగించకూడదు. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కరిచిన సమయం రాసుకోండి. ఆ కాలు కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా డోలీలో దించండి. డోలీ కట్టడం మన కొండల్లో అందరికీ తెలిసిన పనే కాబట్టి ముందే నేర్చుకోండి. మలేరియా ఉన్న ప్రాంతం, దోమతెర తప్పదు. తిరిగొచ్చాక జ్వరం వస్తే, అడవికి వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పమని బృందానికి గుర్తుచేయండి.

రెండో ఏడాది మంచు కొండలు. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లో 1954 నుంచి ఉన్న హిమాలయన్ పర్వతారోహణ సంస్థ, మనాలీలోని పర్వతారోహణ కేంద్రం కొండలెక్కడం నేర్పే బేసిక్ కోర్సు నడుపుతాయి. దాదాపు నాలుగు వారాలు పడుతుంది. సీట్లు త్వరగా నిండుతాయి, నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. బేసిక్‌లో ‘ఎ’ గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్‌కు దారి. అందుకే 5 కిలోమీటర్లు 30 నిమిషాల్లోపు పరుగెత్తగలిగేదాకా, 15 కిలోల సంచితో మన కొండ ఎక్కి దిగేదాకా సాధన చేసి వెళ్లండి. చాలామంది వెనకబడేది తాడు ముడుల దగ్గర కాదు, బరువు మోయలేక.

మన కొండలు నేర్పలేనిది ఒకటుంది, ఎత్తు. 3000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి ఇవ్వాలి. తలనొప్పితో వికారం, ఆకలి లేకపోవడం కలిస్తే పైకి కదలొద్దు. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి తిన్నని గీత మీద నడవమనండి. తూలితే అర్ధరాత్రయినా కిందికి దించాలి.

సంపాదన సంగతి. హిమాలయాల్లో ఎక్కువ పని మే, జూన్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. మన కొండల్లో నవంబర్ నుంచి ఫిబ్రవరి. రెండూ కలిపితే ఏడాదిలో చాలా భాగం గడుస్తుంది. మొదట వెనక నడిచే సహాయకుడిగా చేరండి. చేరే ముందు బీమా ఉందా, ఒక్కో లీడర్‌కు ఎంతమంది, ప్రమాదం జరిగితే ఖర్చు ఎవరిది అని రాతపూర్వకంగా అడగండి. సమాధానం దాటేసేవాళ్ల దగ్గర చేరకండి.

ప్రతి ట్రిప్పు తర్వాత అదే రాత్రి లాగ్‌బుక్ రాయండి. తేదీ, దారి, ఎంతమంది, వాతావరణం, మీరు చేసిన పని, వెనుదిరిగిన గంట, ఎందుకు తిరిగారో.