కీళ్లనొప్పులతో పెద్దాసుపత్రికి వెళ్లే ముందు రాసుకోవలసిన రెండు కాగితాలు

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే శరీరంపై దాడి చేసే లూపస్, కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్), హషిమోటో థైరాయిడ్ వంటి వ్యాధి ఇంట్లో ఎవరికైనా ఉందన్న అనుమానం వస్తే, ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు కుటుంబాలు చివరకు బరంపురమో విశాఖపట్నమో వెళ్తాయి. అంత దూరం వెళ్లాక వైద్యుడు అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు: వంశంలో ఎవరికి ఉంది, ఒంట్లో హార్మోన్లు మారినప్పుడు జబ్బు ఎలా మారింది. ఈ రెండింటికీ ఇంటి దగ్గరే జవాబులు రాసుకుని వెళ్లడం మంచిది.

మొదటి కాగితం వంశానిది. ఆడవాళ్ల జబ్బు కదా అని అమ్మ వైపు మాత్రమే అడిగి ఊరుకోకూడదు. తండ్రికి ఉన్న ఒకే ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఆయన తల్లి నుంచి వచ్చినదే, దానినే ఆయన ప్రతి కూతురికీ ఇస్తాడు. రోగనిరోధక కణాలను రెచ్చగొట్టే టీఎల్ఆర్7 అనే జన్యువు ఆ క్రోమోజోమ్ మీదే ఉంది. స్త్రీ కణాలలోని రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రాణంగా ఉండాలి, కానీ కొన్ని కణాలలో ఈ జన్యువు రెండింటి నుంచీ పనిచేస్తుంది. రెండు ఎక్స్‌లు, ఒక వై క్రోమోజోమ్‌తో పుట్టిన పురుషులలో లూపస్ మిగతా పురుషులకంటే ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు. కీళ్లవాతానికీ లూపస్‌కూ సంబంధమున్న, సొంత కణాలేవో పరాయివేవో గుర్తించడానికి తోడ్పడే హెచ్ఎల్ఏ జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి, అవి తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తాయి. కాబట్టి అమ్మమ్మ, పిన్ని, మేనమామలతో పాటు నాయనమ్మనూ, మేనత్తలనూ అడగాలి. 1936లో ఒడిశా ఏర్పడి సరిహద్దు గీసినప్పటికీ మన బంధుత్వాలు పాతపట్నం, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు అలాగే ఉన్నాయి గనుక అవతలివాళ్లకూ ఫోన్ చేయడం అవసరం.

పెద్దవాళ్లకు జబ్బు పేరు తెలియకపోవచ్చు, లక్షణాలు మాత్రం గుర్తుంటాయి. పొద్దున లేచాక గంటకు పైగా చేతివేళ్లు బిగుసుకుపోయేవా, ఎండకు వెళ్తే బుగ్గలు ఎర్రగా కందేవా, బొల్లి ఉందా, చిన్ననాటి నుంచీ ఇన్సులిన్ వాడుతున్నారా, రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా అని అడగండి. మగవాళ్లనైతే, పడుచు వయసులోనే నడుము బిగుసుకుపోయి, పడుకుంటే పెరిగి, నడిస్తే తగ్గేదా అన్నది తప్పక అడగాలి. రోగి తల్లిదండ్రులది మేనరికమైతే వారి పేర్ల మధ్య రెండు గీతలు గీయండి. మామూలు లూపస్ ఎన్నో జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి వచ్చేదే అయినా, చిన్నపిల్లలకు వచ్చే కొన్ని అరుదైన రకాలలో ఒకే లోపం ఇద్దరి నుంచీ సంక్రమిస్తుంది.

అయితే ఈ కాగితాన్ని పెళ్లి సంబంధాలు చెడగొట్టడానికి ఎవరూ వాడకూడదు. ఒకే జన్యువులున్న కవలలలో ఒకరికి కీళ్లవాతం వస్తే రెండోవారికి వచ్చేది సుమారు 15 శాతం మందికే.

రెండో కాగితం హార్మోన్లది, దీనినే ఎక్కువ శ్రద్ధగా రాయాలి. లూపస్ రోగులలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే. రజస్వల అయినప్పటి నుంచి ముట్లుడిగేవరకు ఈ తేడా ఎక్కువగా ఉండి, అంతకుముందూ ఆ తరువాతా తగ్గుతుంది. స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసే బి కణాలకు ఊతమిస్తుంది, పురుష హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ మొత్తం మీద వాటిని అదుపు చేసే వైపు మొగ్గుతుంది. అందుచేత రజస్వల అయిన వయసు, నెలసరికి ముందు నొప్పులు పెరుగుతాయా అన్న సంగతి, ప్రతి కాన్పు తేదీ, పోయిన గర్భాలు ఎన్నో నెలలో పోయాయి అన్న వివరం వరుసగా రాయండి. కీళ్లవాతం చాలామందికి గర్భంతో ఉన్నప్పుడు తగ్గి, కాన్పయిన కొద్ది నెలల్లో తిరగబెడుతుంది. బాలింతకు చలువ చేసిందని తీసిపారేసిన నొప్పి ఈ కాగితంలో తేదీతో సహా ఉండాలి. లూపస్‌లో అలాంటి ఉపశమనాన్ని నమ్ముకోలేము, గర్భంలోనే అది పెరగవచ్చు.

గర్భనిరోధక మాత్రలు వాడి ఉంటే వాటి రేకును కాగితానికి జతచేయండి. ఆశా కార్యకర్తలు ఇచ్చే మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. రక్తం గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకాలున్న వారికి అది ప్రమాదకరం.

సొంత కణాలపైనే తయారయ్యే ప్రతిరక్షకాలను వెతికే ఏఎన్ఏ, నడుము బిగుసుకుపోయే వాతానికి సంబంధించిన హెచ్ఎల్ఏ-బి27 పరీక్షలను సొంతంగా చేయించుకుని డబ్బు పోగొట్టుకోవద్దు. ఆరోగ్యవంతులలోనూ అవి పాజిటివ్ రావచ్చు, లక్షణాలతో కలిపి చూసినప్పుడే వాటికి అర్థం.

పిల్లలు కావాలనుకుంటున్నట్టయితే ఆ మాటను కాగితం పైభాగాన రాయండి. లూపస్ కనీసం ఆరు నెలలు అదుపులో ఉన్నాక గర్భం ధరించమని వైద్యులు చెబుతారు. ఈ జబ్బులకు వాడే మందులలో గర్భంలోని బిడ్డకు హాని చేసే మెథోట్రెక్సేట్‌ను ముందుగానే ఆపించి, హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను సాధారణంగా కొనసాగిస్తారు, కనుక భయపడి అన్ని మందులూ ఒకేసారి మానేయకూడదు. రక్తపరీక్షలో యాంటీ-రో అనే ప్రతిరక్షకం పాజిటివ్ అయితే ఆ రిపోర్టును కాన్పు డాక్టరుకూ చూపించాలి, ఎందుకంటే అలాంటి గర్భాలలో నూటికి ఒకటి రెండింటిలో బిడ్డ గుండె కొట్టుకునే వేగం పడిపోతుంది, దానిని గర్భంలోనే స్కానింగ్‌తో గమనిస్తూ ఉండవలసి వస్తుంది.