జుట్టుకోడికి క్షవరం

మా పాలకొల్లు వైపు పెరట్లో పుంజు కనిపిస్తే ఎవరైనా అడిగే మొదటి మాట "పందేనికేనా?" అని. పోలిష్ జాతి జుట్టుకోడిని చూసినవాళ్ళు మాత్రం ఆ ప్రశ్న వెయ్యరు, నవ్వుతారు. నెత్తి మీద అంత జుట్టేసుకుని ఇది ఎవరితో కొట్లాడుతుందని! నిజమే. దానికి పైనుంచి, పక్కనుంచి వచ్చేది సరిగ్గా కనబడదు. అందుకే ఈ కోడితో పనంతా ఆ జుట్టు దగ్గరే: కళ్ళకు అడ్డం రాకూడదు, తడవకూడదు, పేలు పట్టకూడదు.

ముందు క్షవరం సంగతి. వానలు మొదలయ్యే ముందు చేసేస్తే మంచిది. నేను జాకెట్లు కుడతాను కాబట్టి ఇంట్లో కత్తెరలకు లోటు లేదు, కానీ మొన వాడిగా ఉన్నది దీనికి పనికిరాదు. కోడి ఒక్కసారి తల విదిలిస్తే కన్ను పోతుంది. బడిపిల్లలు కాగితాలు కత్తిరించే గుండ్రటి మొన కత్తెర చాలు.

చీకటి పడి కోళ్ళు గూట్లో సర్దుకున్నాక ఒకదాన్ని తీసి, రెక్కలు కదలకుండా పాత తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకోండి. ఇంకొకరు టార్చి పట్టుకోవాలి. వెంటనే కత్తెర పెట్టకండి. వేళ్ళతో పాయలు తీసి ఈకల మొదళ్ళు చూడండి. కొత్తగా మొలుస్తున్న ఈక కాడ నల్లగా, ఉబ్బుగా, పైన తొడుగుతో ఉంటుంది. అందులో నెత్తురు పారుతుంటుంది కాబట్టి దాని జోలికి పోకూడదు. పొరపాటున తెగితే దూదితో కాసేపు గట్టిగా అదిమి పట్టాలి. ముదిరిన ఈక కాడ బోలుగా ఉంటుంది, అదే కత్తిరించాలి. కంటి ముందు, పక్కన వేలాడేవి మాత్రమే, కత్తెర మొన కంటికి అవతలి వైపు ఉండేలా పట్టుకుని, కొంచెం కొంచెంగా. ఎదురుగా చూస్తే రెండు కళ్ళూ కనబడ్డాయా, ఆపెయ్యండి. కత్తిరించిన ఈక మళ్ళీ ఈకలు రాల్చి కొత్తవి వచ్చేదాకా పెరగదు. అందం కోసం నడినెత్తిన చెయ్యి పెడితే చాలా నెలలు ఆ బోడితలే చూసుకోవాలి.

కొందరు కత్తిరించకుండా రబ్బరు బ్యాండుతో పిలకలా కడతారు. నాకు నచ్చదు. బిగిస్తే మొదళ్ళు లాగుతాయి, వదులైతే మధ్యాహ్నానికే జారిపోతుంది.

ఎలాగూ పాయలు తీశారు కదా, పేలు కూడా చూడండి. ఈక మొదట్లో తెల్లగా గుత్తిగా అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. పశువుల ఆసుపత్రిలో అడిగి తెచ్చిన పౌడరును కళ్ళకు, ముక్కుకు తగలకుండా వేళ్ళతో రుద్దాలి. గుడ్లు ఒకసారికి చావవు, పది రోజులకు మళ్ళీ రాయాలి. పాత టబ్బులో పొడి ఇసుక, కట్టెల బూడిద కలిపి చూరు కింద పెడితే అవే పొర్లాడి సగం పని చేసుకుంటాయి.

నీళ్ళ గిన్నె వెడల్పుగా ఉంటే ముక్కుతోపాటు జుట్టూ మునుగుతుంది. తడి ఈకలు కంటిని రాసుకుంటే కన్ను ఎర్రబడి పుసులు కడుతుంది. ఒక అంగుళం అంచు మాత్రమే బయటికి ఉండే డబ్బాలు గానీ, నిపుల్ పెట్టిన బాటిళ్ళు గానీ వాడండి.

మన నల్లరేగడిలో శ్రావణం, భాద్రపదం నేల ఆరదు. గూడు ఇటుకల మీద ఎత్తుగా కట్టి, లోపల ఊక మందంగా పరిచి, తడిసినప్పుడల్లా తీసెయ్యాలి. కొబ్బరిచెట్టు కింద నీడ బాగుంది కదా అని గూడు పెట్టకండి, కాయ పడితే రేకు కూడా ఆపదు. పైన వల తప్పనిసరి, గద్ద వచ్చినా ఇవి తలెత్తి చూసుకోలేవు. మీరు వెళ్ళేటప్పుడు కూడా "బా బా" అంటూ వెళ్ళండి, లేకపోతే బెదిరి గోడకు గుద్దుకుంటాయి.

నాటు పుంజుతో, ముఖ్యంగా పందెం జాతితో, కలిపి వదలొద్దు. పోలిష్ కోడికి ఆ జుట్టు కింద పుర్రె బొడిపెలా లేచి ఉంటుంది, అక్కడ ఎముక పూర్తిగా మూసుకుని ఉండదు. గట్టిగా ఒక పోటు పడితే మెదడుకే దెబ్బ. మెడ తిరిగిపోతే వెంటనే వేరు చేసి డాక్టరుకు చూపించాలి.

2025 ఫిబ్రవరిలో తణుకు పక్కన వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి టెన్షన్ ఇక్కడ అందరికీ గుర్తే. అలాంటి కబురు వింటే బయట తిరిగిన చెప్పులతో గూట్లోకి వెళ్ళకండి, కొత్త కోడిని తేకండి. మామూలు రోజుల్లో కూడా కొత్తదాన్ని కొన్ని వారాలు విడిగా ఉంచాకే కలపాలి. కొక్కెర తెగులు టీకా చుక్కలు కోడిపిల్లలకు మొదటి వారంలోనే వేయించండి.

కోడిపిల్లలు కావాలంటే ఒక చిక్కుంది. పోలిష్ పెట్టలు తెల్లటి గుడ్లు పెడతాయి గానీ పొదగడానికి అంతగా కూర్చోవు. పొదుగు మీదున్న నాటుపెట్ట కింద పెట్టేస్తే ఇరవై ఒక్క రోజులకు దించుతుంది. దిగిన రోజే నెత్తి మీద చిన్న బొడిపె, దాని మీద నూగు కనిపిస్తాయి. బజారులో పిల్లల్ని కొనేటప్పుడు కూడా అదే చూడండి, తల చదునుగా ఉంటే జుట్టు రాదు.