పాదం కీలు అతికించారు, ఎముక అతకలేదా?

పర్లాకిమిడి, గుణుపూరు వైపు మనవాళ్లు ఈ ఆపరేషన్‌కి బరంపురమో విశాఖపట్నమో వెళ్తారు. అరిగిన కీలులో మిగిలిన మృదులాస్థిని (ఎముకల కొసల మీది నున్నటి పొర) గీకేసి, రెండు ఎముకల్నీ స్క్రూలతో బిగించి పంపుతారు. అతకడం మాత్రం ఇంటికొచ్చాక జరగాలి. మామూలుగా మూడు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ.

సాయంత్రానికి పాదం ఉబ్బుతోంది

చాలావరకు టెన్షన్ పడక్కర్లేదు. కాలు వేలాడేసి కూర్చుంటే నీరు పాదంలోకి దిగుతుంది. కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా ఇంతే. దిండ్లు పెట్టి కాలు గుండె కంటే ఎత్తులో ఉంచండి. పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆయాసం కూడా వస్తే క్షణం ఆగొద్దు. కుట్ల దగ్గర చీము, జ్వరం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి.

మూడు నెలలు దాటినా, కాలు మోపితే లోపల నొప్పి

అసలు చిక్కు ఇదే. మా పెద్దమ్మని డాక్టరు "సిగరెట్టు తాగుతారా?" అని అడిగితే లేదంది. అబద్ధం కాదు మరి, ఆవిడది చుట్ట, అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం! నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని బిగదీస్తుంది, రక్తం అందని ఎముక అతకదు. పళ్లకి రాసుకునే గుడాకులోనూ ఉన్నది పొగాకే. అడగకపోయినా చెప్పండి, మానేయండి.

షుగర్ అదుపులో లేకపోవడం, విటమిన్ డి తక్కువవడం, చెప్పిన గడువుకి ముందే నడిచేయడం మిగతా కారణాలు. షుగర్‌తో పాదం తిమ్మిరెక్కినవాళ్లకి నొప్పే తెలియదు. బాగుందనుకుని నడిస్తే స్క్రూ విరగొచ్చు.

ఎక్స్‌రేలో సందు కనిపించినంత మాత్రాన ఆపరేషన్ పాడైనట్టు కాదు. సీటీ స్కాన్‌లో ఎంతమేర అతికిందో తెలుస్తుంది. ఆలస్యమే అయితే మళ్లీ కట్టు లేదా బూటు వేసి, బరువు మోపనివ్వకుండా చూస్తారు, రక్తపరీక్షల్లో తేలిన లోపం సరిచేస్తారు. నెలలు గడిచినా అతకకపోతే తుంటి ఎముక నుంచి ముక్క తీసి పెట్టి మళ్లీ బిగిస్తారు.

అతికిందట, అయినా నొప్పి

వేలితో చూపించగలిగే ఒకే చోట చెప్పు ఒరుసుకుని నొప్పెడితే స్క్రూ తల కావచ్చు. ఎముక అతికిందని తేలాకే దాన్ని తీయించాలి. పక్క కీలు నొప్పైతే, అతికిన కీలు ఇక వంగదు కనుక ఆ భారం దీని మీద పడుతోందన్నమాట. హవాయి చెప్పులు వదిలేసి, అడుగు గట్టిగా ఉండి ముందువైపు పైకి వంపు తిరిగిన బూటు వేసుకుంటే నడక తేలికవుతుంది.