తోపుడు బండికి వెండింగ్ సర్టిఫికెట్: దరఖాస్తులో మీ చోటును ఎలా రాయించాలి

టిఫిన్ బండి పెట్టేవాళ్లు చోటును ఊరికే ఎంచుకోరు. పొద్దున ఆరింటికి ఆటోలు ఎక్కడ ఆగుతాయి, ఆసుపత్రి గేటులోంచి జనం ఎటు వస్తారు, నీళ్లు ఎవరు పట్టుకోనిస్తారు, ఎండ ఎటు తిరుగుతుంది అన్నీ చూసుకుంటారు. నాలుగు రోజులు గిరాకీ కుదిరితే అక్కడే నిలబడతారు. ఆ చోటుకు కాగితం సంపాదించుకునే దారి 2014 వీధి వ్యాపారుల చట్టంలో ఉంది. దాని పేరు వెండింగ్ సర్టిఫికెట్.

అన్నిటికంటే ముందు సర్వే. ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీ కనీసం ఐదేళ్లకోసారి వీధి వ్యాపారుల సర్వే చేయించాలి. అందులో పేరు ఎక్కి, 14 ఏళ్లు నిండినవారికి సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి సర్వేవాళ్లు వచ్చేటప్పటికి మీరు బండి దగ్గరే ఉండండి. సర్వేలో తప్పిపోతే మున్సిపాలిటీలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన) విభాగంలో, హైదరాబాద్‌లో అయితే యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగంలో అడగండి. సర్వేకీ సర్వేకీ మధ్య కూడా, ఆ జోన్‌లో, అంటే అమ్ముకోవడానికి కేటాయించిన ప్రాంతంలో, ఖాళీ ఉంటే కమిటీ అనుమతి ఇవ్వొచ్చు.

ఆధార్, ఫొటోలు, బ్యాంకు పాస్‌బుక్, ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఇంకేం కావాలో కౌంటర్‌లో అడిగి రాసుకోండి. వ్యాపారం నేనో మా ఇంటివాళ్లో చేస్తాం, వేరే జీవనాధారం లేదు, సర్టిఫికెట్ ఎవరికీ అద్దెకివ్వను అని హామీపత్రం రాసివ్వాలి. సంతకం పెట్టేముందు చదివించుకోండి.

అసలు జాగ్రత్త పడాల్సింది చోటు రాసే దగ్గర. ఈమధ్య పునుగులు వేసే ఒకామెకు ఫారం నింపిపెట్టాను. ఆమె మొదట చెప్పింది "బస్టాండ్ దగ్గర" అనే. అలా రాస్తే ఫర్లాంగు దూరంలో ఎక్కడ చూపించినా కాదనడానికి ఉండదు. చివరికి "బస్టాండ్ బయటి గేటుకు ఎడమవైపు, మూడో కరెంటు స్తంభం పక్కన, సాయంత్రం 4 నుంచి రాత్రి 9 వరకు" అని రాశాం. బండి, స్తంభం రెండూ పడేలా ఫొటో తీసి జతచేశాం. వేళ రాయడం మరిచిపోవద్దు. పొద్దున ఇడ్లీ బండి, సాయంత్రం బజ్జీ బండి ఒకే చోటును వేళలవారీగా పంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. అయితే మీ టైమ్ అయిపోగానే బండి, సామాను తీసేయాలి.

ఇంకో మాట, చాలామందికి తెలియనిది. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఏళ్ల తరబడి చేరుతున్న చోటును చట్టం సహజ మార్కెట్ అంటుంది. దాన్ని అమ్మకాలు నిషిద్ధమైన జోన్‌గా ప్రకటించకూడదు. జనం కిక్కిరిసిపోతున్నారన్నదొక్కటే నిషేధానికి కారణం కాకూడదు. మీ వీధి అలాంటిదైతే పక్క బండ్లవాళ్లతో కలిసి, ఎన్నేళ్లుగా ఉన్నారో రాసి, అందరూ సంతకాలు పెట్టి కమిటీకి ఇవ్వండి. కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు ఆడవాళ్లు. వాళ్లెవరో కనుక్కుని కలవండి.

దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోకుండా రావద్దు. ఒక జోన్‌లో చోట్లకంటే వ్యాపారులు ఎక్కువైతే లాటరీ తీస్తారు, మిగిలినవాళ్లకు పక్క జోన్‌లో చోటు చూపించాలి. దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు.

సర్వే పూర్తయి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మున్సిపాలిటీవాళ్లు మీ సామాను తీసుకెళ్తే జాబితా రాసివ్వమని గట్టిగా అడగండి, అది మీ హక్కు. ఫీజు కట్టి అడిగితే కూరగాయలు, పిండి లాంటి పాడైపోయే సరుకు అదే రోజు, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన అప్పు పథకం పీఎం స్వనిధి లోన్‌కు అప్లై చేయొచ్చు. 2025 మార్పుల తర్వాత మొదటి విడత 15,000 రూపాయల వరకు ఇస్తారు. సర్టిఫికెట్ అసలును బండి మీద పెట్టకండి, నూనె మరకలు పడితే నంబరు కనపడదు. లామినేట్ చేసిన కాపీ బండికి కట్టి, అసలు ఇంట్లో ఉంచండి.