చిన్నా పెద్దా డిస్కుల్ని ఎల్‌వీఎంతో ఒకటి చేయడం

నరసరావుపేటలో మా బావమరిదికి పెళ్లిళ్ల వీడియో స్టూడియో ఉంది. ఫుటేజీ దాచడానికి పాత కంప్యూటర్లో ఉబుంటు (ఒక రకం లైనక్స్) వేసి పెట్టాను. సిస్టమ్ ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీ కాక, అందులో ఒక 500 జీబీ, ఒక 1 టీబీ డిస్కులు ఉండేవి. రెండు కెమెరాలతో ఫోర్‌కేలో తీస్తే ఒక్క పెళ్లికే మూడొందల జీబీ దాటుతోంది. మంగళస్నానాలు ఒకదాంట్లో, తలంబ్రాలు ఇంకోదాంట్లో. ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడల్లా “బావా, అప్పగింతలు ఎందులో వేశాం?” అని ఫోను. చివరికి ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్, లైనక్స్‌లో డిస్కుల్ని కలిపే ఏర్పాటు)తో రెండిటినీ కలిపేశాను.

ఎల్‌వీఎం చేసేది రెండు మడుల మధ్య గట్టు తీసేయడమే. డిస్కులకు ముద్ర వేసి ఫిజికల్ వాల్యూమ్‌లు చేస్తాం, వాటిని ఒక వాల్యూమ్ గ్రూపులో పోస్తాం, అందులోంచి కావలసినంత లాజికల్ వాల్యూమ్‌గా తీసుకుంటాం. లోపల అంతా 4 ఎంబీ ముక్కల లెక్క. అందుకే డిస్కులు ఒకే సైజు ఉండాలన్న పట్టింపు లేదు.

గట్టు తీశాక తెగులు వస్తే మడంతా పోతుందని కూడా గుర్తుంచుకోండి. ఇది ఒక డిస్కు పోయినా డేటా కాపాడే రెయిడ్ కాదు. ఒక డిస్కు చచ్చిపోతే మొత్తం వాల్యూమ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. బయట ఇంకో కాపీ లేని వీడియో ఏదీ ఇందులో పెట్టొద్దు. యూఎస్‌బీ డిస్కుల్నీ కలపొద్దు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి వైరు ఊడినా చాలు, గొడవే.

కమాండ్లను ఇక్కడ పలికేటట్టు రాస్తున్నాను. టెర్మినల్లో ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, ముందు సుడో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) పెట్టి కొట్టండి. ఎల్‌వీఎం2 ప్యాకేజీ లేకపోతే ఏపీటీ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే కమాండ్)తో వేసుకోండి.

మొదట ఎల్‌ఎస్‌బీఎల్‌కే, అంటే డిస్కుల జాబితా చూపే కమాండ్. 500 జీబీ డిస్కు 465.8 అనీ, 1 టీబీది 931.5 అనీ కనిపిస్తుంది. డిస్కు అమ్మేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, కంప్యూటర్ 1024తో. నాకు చెమట్లు పట్టింది మాత్రం డిస్కు పేర్లలోని అక్షరాల దగ్గర. ముందు రోజు ఎస్‌డీబీ అని రాసుకున్న డిస్కు, రీస్టార్ట్ చేశాక ఎస్‌డీసీ అయింది. కాబట్టి పేరును నమ్మొద్దు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేకి మోడల్, సీరియల్ కూడా చూపించమని చెప్పి, డిస్కు మీది స్టిక్కర్‌తో పోల్చుకోండి. ఒకసారి ఎల్‌వీఎంలోకి చేరాక ఈ బెడద ఉండదు. అది డిస్కుల్ని తన సొంత గుర్తుతో పట్టుకుంటుంది.

పాత పార్టిషన్లు ఉంటే పీవీక్రియేట్ ఒప్పుకోదు. డేటా వేరేచోటికి తీశాక, పాత గుర్తులు చెరిపే వైప్‌ఎఫ్‌ఎస్, హైఫన్ ఏ, డిస్కు పేరు. దీని తర్వాత వెనక్కి రావడం కష్టం. ఆ పైన పీవీక్రియేట్‌కి రెండు డిస్కుల పేర్లూ ఇవ్వండి. వీజీక్రియేట్‌కి గ్రూపు పేరు, మళ్లీ ఆ రెండు డిస్కులు. మా గ్రూపు పేరు ‘పెళ్లి’.

ఎల్‌వీక్రియేట్ దగ్గర చాలామంది తడబడతారు. పెద్ద ఎల్ అంటే సైజు, చిన్న ఎల్ అంటే ముక్కల లెక్క లేదా శాతం. ఉన్నదంతా కావాలంటే హైఫన్ చిన్న ఎల్, 100%ఫ్రీ (ఫ్రీ పెద్ద అక్షరాల్లో), హైఫన్ ఎన్, వాల్యూమ్ పేరు, చివర గ్రూపు పేరు.

ఫైల్‌సిస్టమ్‌కి (వాల్యూమ్‌లో ఫైళ్లు దాచే అమరిక) ఎంకేఎఫ్‌ఎస్ చుక్క ఎక్స్‌ట్4. దానికి హైఫన్ ఎం సున్నా అని చేర్చాను. లేకపోతే రూట్ (అడ్మిన్ ఖాతా) కోసం 5 శాతం పక్కన పెడుతుంది. మా దాంట్లో అది దాదాపు 70 జీబీ. వీడియోలు దాచే చోట అంత జాగా ఎందుకు వదులుకోవాలి?

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (స్టార్ట్ అయ్యేటప్పుడు ఏ వాల్యూమ్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) వరుస రాసేటప్పుడు నోఫెయిల్ (అది దొరక్కపోయినా ఆగొద్దని చెప్పే మాట) మరిచిపోవద్దు. నేను మరిచిపోయాను, పైగా ఒక అక్షరం తప్పు కొట్టాను. మాఘమాసం ముహూర్తాల మధ్యలో మెషీన్ ఒకటిన్నర నిమిషం ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది. రాశాక మౌంట్, హైఫన్ ఏ కొట్టి చూడండి. తప్పుంటే రీస్టార్ట్ దాకా పోకుండానే తెలిసిపోతుంది.

ఎల్‌వీఎం అసలు పనికొచ్చింది ఆరు నెలల తర్వాత. డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌లో 500 జీబీ డిస్కుకి పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్న చోట్లు) 8 కనిపించాయి. సున్నా ఉండాలి. కొత్త 2 టీబీ డిస్కు తెచ్చి పీవీక్రియేట్, తర్వాత వీజీఎక్స్‌టెండ్ చేశాను. వెంటనే వాల్యూమ్ పెంచేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. ముందు పీవీమూవ్ అని పాత డిస్కు పేరిస్తే, అందులోని ముక్కలన్నీ కొత్తదాంట్లోకి జరుగుతాయి. వాటికి గ్రూపులో ఖాళీ ఉండాలి. అందుకే పెంచడం తర్వాత. డిస్కు పూర్తిగా చదవలేని స్థితికి వస్తే పీవీమూవ్ కూడా ఏమీ చేయలేదు. మాకు రెండున్నర గంటలు పట్టింది. ఆ సమయమంతా బావమరిది పక్క కంప్యూటర్‌ నుంచి ఇదే వాల్యూమ్‌లోని పెళ్లి ఎడిట్ చేసుకుంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత వీజీరెడ్యూస్, పీవీరిమూవ్‌తో పాత డిస్కును బయటికి పంపి, ఎల్‌వీఎక్స్‌టెండ్ కొట్టాను. చిన్న ఎల్ తర్వాత ప్లస్ 100%ఫ్రీ, పక్కన హైఫన్ ఆర్. ఆ ఆర్ ఉంటే ఫైల్‌సిస్టమ్ కూడా తోడే పెరుగుతుంది, అన్‌మౌంట్ అక్కర్లేదు. జాగా ఎంతుందో చూపే డీఎఫ్, హైఫన్ హెచ్ కొడితే 2.7టీ అని వచ్చింది.