శిబిరానికి ముందు ఇంట్లోనే సాధన

మాది తిరుపతి. మా పాపకు పదేళ్లు. మే నెలలో మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌లో వేసవి శిబిరానికి వెళ్తానని తనే పట్టుబట్టింది. తీరా పేరు రాయించాక, "రాత్రి ఎవరి పక్కన పడుకోవాలమ్మా?" అని దిగులు మొదలైంది.

ధైర్యం చెప్పడం కన్నా అలవాటు చేయడమే మేలనుకున్నాను. శనివారాలు చిత్తూరులో అమ్మమ్మ దగ్గర ఉంచాను. నేను తోడుండను, ఫోనూ ఉండదు. శిబిరంలోనూ అంతే కదా. మొదటి రాత్రి ఏడ్చిందట. అయినా మా అమ్మ నాకు ఫోను చేయకుండా, కబుర్లు చెప్పి నిద్రపుచ్చింది. ఆ మేలు మరువలేను.

ఎక్కువ కష్టపడింది జడ దగ్గర. నడుము దాటిన జుట్టు, కత్తిరించడం ఇద్దరికీ ఇష్టం లేదు. వెనక అల్లబోతే చేతులు నొప్పిపుట్టి సగంలో వదిలేసేది. జుట్టంతా ఎడమ భుజం మీదుగా ముందుకు తెచ్చుకుని, మూడు పాయలూ కళ్లతో చూస్తూ అల్లమన్నాను. అప్పుడు కుదిరింది.

సంచీ తనే సర్దింది. ఈ ఎండల్లో స్వెట్టర్ ఎందుకంది. ఆ కొండ సుమారు 1,265 మీటర్ల ఎత్తు, రాత్రిళ్లు చల్లగా ఉంటుందని చెప్పాను. బట్టల లోపలి అంచున ఎర్రదారంతో పేరు కుట్టాం.

"బాగోకపోతే వచ్చి తీసుకొస్తాను" అన్న మాట మాత్రం ఇవ్వలేదు. ఇస్తే పిల్ల దానికోసమే ఎదురుచూస్తుంది. దిగులేస్తే టీచరుకు చెప్పమన్నాను. రెండో రాత్రి అలాగే చెప్పిందట; ఆవిడ తన పక్కనే పడక వేయించారు.